కప్పగంతుల పందెంలో ఉప్పు పొట్లం

బూడిదగుమ్మడికాయ మీది బూడిద పంచెకి అంటుకుందంటే ఓ పట్టాన వదలదు. ఉతికితే వదలదు. దులిపితే పక్కవాళ్ల మీద పడుతుంది, వాళ్లు మనవైపు అదోలా చూస్తారు. నాది మామూలు పంచె కూడా కాదు. రాజుగారు స్వయంగా ఇచ్చిన జరీ అంచు పంచె. మంచి రోజు వస్తే కడదామని పెట్టెలో దాచి, చిమ్మటలు సగం తిన్నాక, మిగతా సగమైనా దక్కించుకుందామని ఈ ప్రయాణానికి కట్టాను. ఆ సగాన్నీ గుమ్మడికాయ తినేసింది.

కాయని ఒళ్లో పెట్టుకుని గుర్రం మీద వెళ్తుంటే ఎదురైన ప్రతివాడూ ఆపి, ఎక్కడ కొన్నారని అడిగాడు. ఎక్కడని చెప్పినా, అక్కడ కొన్నారా, అయ్యో, వాడు మోసగాడండీ, మా ఊళ్లో అయితే ఇంతకి రెండింతల కాయ వచ్చేదే అన్నాడు. వేలితో తట్టి చూసినవాళ్లు కొందరు. గోరుతో గిల్లబోయినవాళ్లు కొందరు. వాళ్ల చేతుల మీద కొట్టాల్సివచ్చింది.

ఎందుకంటే ఆ కాయని నేను కొనలేదు. అది మా యువరాజు చిత్రధ్వజుడు.

ముందే చెప్పిన సంగతి అయినా, కథ మధ్యలో వచ్చి చాప చివర కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి మళ్లీ చెబుతాను. పెద్దయేటి రేవులో ధూమ్రజటుడనే మాంత్రికుడు నా మీద మంత్రించిన భస్మం చల్లాడు. చిత్రధ్వజుడు అడ్డం వచ్చి నిలబడ్డాడు. అతను కాయ అయ్యాడు, నేను ఐతన్నగానే మిగిలిపోయాను. చిన్నప్పుడు మొసలి నోట్లోంచి నన్ను బయటికి లాగినవాడు కూడా అతనే. అంటే ఇలా చెయ్యడం అతనికి ఇది రెండోసారి. అప్పుడప్పుడు కాయకి చెవి ఆనించి వింటాను. లోపల గుండె కొట్టుకుంటున్న చప్పుడు సన్నగా వినిపిస్తుంది. చూసేవాళ్లు కాయ ముదిరిందో లేదో చూసుకుంటున్నాననుకుంటారు.

గవ్వలకొండ మీది ముని ఉపాయం చెప్పాడు. ధూమ్రజటుడి జుట్టులోంచి ఒక పాయ కోసి కాయ తొడిమకి చుట్టాలి. చుడితే యువరాజు మనిషవుతాడు. తొడిమ పచ్చగా ఉన్నంతవరకే ఆ అవకాశం. ఎండిపోయిందా, కాయ కాయగానే ఉండిపోతుంది. మాంత్రికుడిది కాకుండా ఇంకెవరి జుట్టు చుట్టినా కాయ అక్కడికక్కడే పగిలిపోతుంది.

చిక్కేమిటంటే మాంత్రికుడు వెన్నెలపట్నంలో దూరి ఎవరి రూపమో వేసుకున్నాడు. ఎవరి రూపం వేసుకుంటే ఆ అసలు మనిషిని చింతగింజ చేసి బొడ్డుసంచిలో పడేసుకుంటాడట. ముఖం, గొంతు, జ్ఞాపకాలు, అన్నీ ఆ మనిషివే వచ్చేస్తాయట. రానిది ఒకటే. ఏళ్ల తరబడి ఒంటికాలి మీద తపస్సు చేసినందువల్ల అతని ఎడమ మోకాలు వంగదు. ఏ రూపంలో ఉన్నా ఆ మోకాలు మాత్రం వంగదు. ఇంతవరకూ చెప్పి ముని, తన నడుము నొప్పికి మా రాజ్యంలో మంచి తైలమేదైనా దొరుకుతుందా అని అడిగాడు.

నాతో వచ్చింది రాకుమారి వకుళమాల. సముద్రపు ఒడ్డునున్న శంఖతీర రాజ్యపు పిల్ల. చిత్రధ్వజుడికి కాబోయే భార్య. శుభలేఖలు పంచేశారు, చుట్టాలు బండ్లు కట్టుకుని బయల్దేరారు కూడా, ఇప్పుడు పెళ్లికొడుకు గుమ్మడికాయ అయ్యాడంటే నలుగురూ ఏమనుకుంటారని వాళ్ల అమ్మ మంచం పట్టింది. వకుళమాల మంచం పట్టలేదు. తలపాగా చుట్టి, గుర్రాల కాపరి వేషం కట్టి, కత్తి దూసింది.

వెన్నెలపట్నం పొలిమేరకి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. చూస్తే అది మబ్బు కాదు, గండభేరుండం. ధూమ్రజటుడు కాపలాకి పెట్టిన రెండు తలల పక్షి. దాని రెక్కల గాలికి తాటిచెట్లు పడుకున్నాయి. నా గుర్రం నన్ను వదిలేసి తన దారి తను చూసుకుంది. కాయని కడుపుకి హత్తుకుని బోర్లా పడ్డాను. ఆ పక్షి, గోళ్లు నా వీపుకి తగిలేంత దగ్గరికి వచ్చింది కానీ, తినే దగ్గర మర్యాదలు మొదలయ్యాయి. ముందు నువ్వు కానియ్యి అని కుడి తల అంది. అబ్బే, నువ్వు పెద్దదానివి, ముందు నువ్వే కానియ్యి అని ఎడమ తల అంది. నాకంత ఆకలి లేదు, నీకోసమే వచ్చాను అని కుడిది. అలా అంటే నేనసలు ముట్టను అని ఎడమది. ఈలోపల వకుళమాల రెండు తలలకీ కలిపి ఒకే తాడు బిగించి, రెండో కొస కొండరాయికి కట్టేసింది. మేం కోటగుమ్మం చేరేసరికి కూడా అవి ఒకదాన్నొకటి బతిమాలుకుంటూనే ఉన్నాయి.

కోటగుమ్మంలో రాతియక్షుడున్నాడు. అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పకపోతే మింగేస్తాడు. సృష్టి రహస్యాలు అడుగుతాడేమోనని నేను దారంతా శ్లోకాలు నెమరేసుకున్నాను. అతను ఏ ఊరన్నాడు, ఎవరి అబ్బాయివన్నాడు, పొలం ఏమైనా ఉందా అన్నాడు. ఇంకా పెళ్లెందుకు కాలేదన్నాడు. ఈ ప్రశ్న దగ్గరికొచ్చాకే చాలామంది మింగబడతారట. వకుళమాల ముందుకొచ్చి, సంబంధాలు చూస్తున్నారు, మీ ఎరికలో ఎవరైనా ఉంటే చెప్పండి అంది. యక్షుడి ముఖం వికసించింది. అతని చెల్లెలి కూతురు ఒకర్తె ఉందట. ఆ పిల్ల గుణగణాలు చెబుతూ ఉండగానే మేం నెమ్మదిగా లోపలికి జారుకున్నాం.

వెన్నెలపట్నం గురించి విన్నదంతా నిజమే. చంద్రకాంత శిలలతో కట్టిన తొమ్మిది అంతస్తుల మేడలు, మేడమేడకీ పగడాల గవాక్షాలు, గవాక్షాల్లో పురి విప్పిన నెమళ్లు, పన్నీటి కాలువలు, కాలువల్లో బంగారు తామరలు, వీధికి రెండువైపులా పారిజాతాలు, గాలి వీస్తే పూలవాన. ఆ పగడాల గవాక్షాలకి తాళ్లు కట్టి పంచెలారేశారు. బంగారు తామరాకుల మీద అప్పడాలు ఎండబెట్టారు. వచ్చిన చుట్టాలకి చూపించడానికే తప్ప తొమ్మిది అంతస్తుల్లో ఏ ఇంట్లోనూ ముందుగది తలుపు తియ్యరు. అందరూ వెనక వసారాలో ఒకళ్ల మీద ఒకళ్లు పడుకుంటారు.

మాకు బస ఇచ్చినావిడ పేరు పేరిందేవమ్మ. మా ముఖాలు చూడకముందే కాయని చూసింది.

"మంచి కాయ. వడియాలకి ఇలాంటిదే కావాలి" అంది.

ఇది మొక్కుబడి కాయ, ముట్టుకోకూడదని చెప్పాను. మొక్కు తీరాక ఎలాగూ కొయ్యాల్సిందేగా, అప్పటిదాకా ఆగుతానంది. ఆవిడ ఆగింది కాయ కోసం ఒక్కటే కాదు. వెన్నెలపట్నంలో ఆడవాళ్లు గుమ్మడికాయకి మొదటి దెబ్బ వెయ్యకూడదు. మగవాడెవడైనా పగలగొట్టి పెడితే తర్వాత ఎన్ని ముక్కలైనా తరుక్కోవచ్చు. ఆ ఇంట్లో మగదిక్కు లేదు. అల్లుడు గరుడాచలం పండక్కి పిలిస్తే వచ్చి, పండగ వెళ్లిపోయినా వెళ్లలేదు కానీ, అల్లుణ్ణి పని చెయ్యమని ఎవరడుగుతారు? ఆయన చిటికెనవేలు కదిపితే చాలు, ఆవిడ చేతిలో పని పడేసి పరిగెత్తుకొస్తుంది.

ముందు సులువైన దారి చూశాం. బజారులో దండోరా వేయించి, గుమ్మడికాయ దొంగ ఊళ్లోకి వచ్చాడని చాటించాను. మాంత్రికుడు భుజాలు తడుముకుంటాడని నా ఆశ. బజారు బజారంతా ఒక్కసారి భుజాలు తడుముకుంది. చాకలివాడు తడుముకున్నాడు, నగరపాలకుడు తడుముకున్నాడు, దండోరా వేసినవాడు డప్పు చంకలో పెట్టుకుని మరీ తడుముకున్నాడు. అద్దం దగ్గరికెళ్లి చూసుకుంటే నా భుజం మీదా బూడిద ఉంది.

అప్పుడు వకుళమాల ఆలోచించి, "వంగని మోకాలుని వంచమనాలి. మామూలుగా అడిగితే ఎవరూ వంచరు. ఆట అంటే వంచుతారు. కప్పగంతులు పెట్టు, ఐతన్నా" అంది.

ఆ మాట బాగుంది. పందేలు పెట్టించడం మా వంశంలో ఉన్నదే. మా తాత కోడిపందేలు పెట్టించి దేశం వదిలి పారిపోయాడు. నలుగురేసి జట్లు. మొదటివాడు కప్పలా గెంతాలి. రెండోవాడు గొంతుక్కూర్చుని బాతులా నడవాలి. మూడోవాడు ఎండ్రకాయలా కాళ్లు బిగబట్టుకుని పక్కకి పక్కకి పోవాలి. నాలుగోవాడు నడుం వంచి, ఒక చెయ్యి తొండంలా వేలాడేసుకుని ఏనుగులా వెళ్లాలి. ఎవరు ఏది చెయ్యాలో తేల్చడానికి ముందుగా ఊరంతటికీ కప్పగంతుల ఎంపిక. గెంతలేనివాడే మన మాంత్రికుడు.

మొదట ఎవరూ రామన్నారు. పెద్దమనుషులం, వీధిలో కప్పల్లా గెంతితే మర్యాద ఏముంటుందన్నారు. గెలిచినవాళ్లకి ఇత్తడి బిందె అన్నాను. ఇంట్లో ఇలాంటి బిందెలు బోలెడున్నాయన్నారు. ఓడినవాళ్లకి కూడా భోజనం అన్నాను. ఏ వేళకి రమ్మంటారన్నారు.

అన్ని వీధులకీ ఒకటే వేళ చెప్పాను. భోజనానికి మాత్రం ఖాళీ గిన్నెలు అందరివీ ముందే వచ్చేశాయి. పందేనికి ఒక్కొక్కళ్లే వచ్చారు. పడమటివీధి వాళ్లు తూర్పువీధి వాళ్లు వచ్చాక వద్దామని ఆగారు. వాళ్లు వచ్చాక బయల్దేరదామని వీళ్లు ఆగారు. ప్రతి తల్లీ కొడుకుని లాక్కొచ్చి, మా వాడు పుట్టడమే గెంతుతూ పుట్టాడండీ అని నాతో చెప్పి, వాడితో మాత్రం ఎదురింటివాణ్ణి చూసి నేర్చుకోరా అంది.

ఎంపిక మొదలైంది. ఉత్తరీయాలు నడుముకి బిగించి ఊరి పెద్దలు వరసగా నిలబడ్డారు. కప్పలా కూర్చోమన్నాను. టపటపమని ఎండుకొమ్మలు విరిగినట్టు చప్పుడైంది. సగం మంది మధ్యలోనే ఆగిపోయారు. తక్కినవాళ్లు కూర్చున్నారు కానీ లేవలేదు. ఎడమ మోకాలు వంగనివాళ్లు చెయ్యెత్తమంటే చేతుల అడవి లేచింది. అంతటితో ఆగారా? ప్రతివాడూ తన మోకాలి చరిత్ర చెప్పడం మొదలెట్టాడు. ఏ మెట్టు మీద పట్టేసిందో, ఏ వైద్యుడు ఏ ఆకు కట్టాడో, తోడల్లుడి మోకాలు ఇంతకన్నా ఎంత మేలో. మా వంశంలో అందరికీ ఇదేనండీ అన్నవాడి గొంతులో కాస్త గర్వం కూడా వినపడింది. వెన్నెలపట్నంలో మాంత్రికుడి మోకాలు లేనివాడు దొరకడం కష్టమని నాకు అర్థమైంది.

తొడిమ చూశాను. పొద్దున సగం దాకా ఉన్న పచ్చదనం వేలిగోరంతకి వచ్చింది.

పందెం ఆపేద్దామన్నాను. వీల్లేదన్నారు. వంటలయిపోయాయి, పందెం లేకుండా తింటే అడుక్కుతిన్నట్టుంటుందన్నారు. సరే, ఒక్క పందెం, తూర్పువీధికీ పడమటివీధికీ అన్నాను. తూర్పువీధిలో పూలమ్మే కోటిలింగం కప్ప, బడి పంతులు బాతు. ఏనుగు నడకలో మోకాలు వంచే పని లేదు, పైగా ఏనుగంటే గౌరవం కాబట్టి అది గరుడాచలం తీసుకున్నాడు. ఎండ్రకాయకి మనిషి తక్కువయ్యాడు. వకుళమాల తను వస్తానంది. తలపాగా వదులైందని బిగించుకోడానికి పక్క సందులోకి వెళ్లి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చింది.

ఒకరి నుంచి ఒకరికి చేతులు మారడానికి ఏదైనా వస్తువు ఉండాలి. కర్ర పెడదామన్నాను. కర్ర పట్టుకుని మీదికొస్తే కొట్టడానికొస్తున్నాడనుకుంటారని వద్దన్నారు. నిమ్మకాయ అన్నాను. దిష్టి తీసిందేమోనని ఎవరూ ముట్టుకోలేదు. కొబ్బరికాయ అన్నాను. చివరిదాకా చేరదన్నారు. వాళ్ల ఊరివాళ్ల సంగతి వాళ్లకే బాగా తెలుసు. చివరికి పేరిందేవమ్మ కొంగుముడి విప్పి ఉప్పు పొట్లం ఒకటి తీసి, పందెం అవగానే తిరిగిచ్చెయ్యాలి, వడియాల్లోకి కొన్నాను, పప్పు నానబోసి వచ్చాను అంది. అలాంటి పొట్లమే పడమటివీధికి కూడా ఎవరో ఇచ్చారు.

కాయని ఒళ్లో పెట్టుకుని అరుగెక్కి కూర్చున్నాను. బయల్దేరండి అన్నాను. ఎవరో తుమ్మారు. అందరూ కూర్చుని మంచినీళ్లు తాగి లేచారు. మళ్లీ బయల్దేరండి అన్నాను. దారిన పోయే పెద్దాయన ఒకడు ఆగి, ఎక్కడికి బయల్దేరారు అందరూ అని అడిగాడు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ నీళ్లు తాగారు. ఆయన్ని కూడా కూర్చోబెట్టి నీళ్లిచ్చారు.

మూడోసారికి కదిలారు. ఇక చూడండి. కోటిలింగం పొట్లం నోట కరుచుకుని గెంతుతున్నాడు, గెంతు గెంతుకీ నెత్తి మీది బుట్టలోని చామంతులు ఎగిరి జనం మీద పడుతున్నాయి. పడమటివీధి కప్ప అంగవస్త్రం కాలికి తట్టుకుని పన్నీటి కాలువలో పడ్డాడు. బంగారు తామరలు పక్కకి తప్పుకున్నాయి, అప్పడాలు తడిశాయి. అప్పడాలవాళ్లు కర్రలతో వచ్చారు. వాళ్లు కొడుతున్నారన్న భయంతో ఆ కప్ప నిజం కప్పకన్నా వేగంగా గెంతింది. నెమళ్లు అరుస్తున్నాయి, తల్లులు నెమళ్లకన్నా గట్టిగా అరుస్తున్నారు.

అలా ప్రాణాలకి తెగించి వచ్చి, పొట్లం అందించే చోటుకి రాగానే ఇద్దరు కప్పలూ హఠాత్తుగా ఆగిపోయారు. నోట్లోంచి పొట్లం తీశారు. వంగి, నేల మీద జాగ్రత్తగా పెట్టారు. ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పుడు బాతులు వచ్చి నేల మీంచి తీసుకున్నాయి. బాతులు ఎండ్రకాయల దగ్గరికి చేరాక మళ్లీ అదే తంతు. పెట్టడం, తప్పుకోవడం, తీసుకోవడం.

ఇలా అయితే పందెం రేపటికి కూడా తెమలదని నాకు మండింది. కాయని అరుగు మీద పెట్టి, నా చోటు పోకుండా దాని మీద తుండుగుడ్డ పరిచి, పరుగున వెళ్లి అడిగాను. చేతిలోంచి చేతికి అందించుకోవచ్చుగా అన్నాను. బడి పంతులు నన్ను జాలిగా చూశాడు.

"ఉప్పు చేతికిస్తారుటయ్యా ఎక్కడైనా? దెబ్బలాటలొస్తాయి" అన్నాడు.

రావని చెప్పాను. నిరుడు ఉప్పు చేతికి అందించుకున్నందుకే ఇప్పటికీ మాట్లాడుకోని అన్నదమ్ముల పేర్లు నాలుగిళ్లవి చెప్పాడు. ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదు, అదలాగే చేస్తామన్నాడు. జ్ఞాపకం ఉంచుకుని చేసే పని కాదది. మనసు ఎక్కడున్నా చెయ్యి దానంతటదే చేసేస్తుంది. గెంతుతున్నప్పుడు కూడా.

ఆయన మాట ఇంకా పూర్తవలేదు. నా కళ్ల ముందే తూర్పువీధి ఎండ్రకాయ పక్కకి పక్కకి వచ్చి పొట్లం ముందుకి చాపింది. తూర్పువీధి ఏనుగు తొండం ముందుకి చాపింది. పొట్లం చేతిలోంచి చేతిలోకి వెళ్లింది. ఎవరో అయ్యయ్యో అన్నారు.

ఊళ్లోవాళ్ల రూపం వేసుకోవచ్చు. ఊళ్లోవాళ్ల జ్ఞాపకాలు తెచ్చుకోవచ్చు. ఊళ్లోవాళ్ల చెయ్యి మాత్రం రాదు. మాంత్రికుడు దొరికాడు. కాకపోతే ఒక్కడు దొరకాల్సిన చోట ఇద్దరు దొరికారు. ఇచ్చింది వకుళమాల. తీసుకుంది అల్లుడు గరుడాచలం.

ఇద్దర్నీ పక్కకి పిలిచి అడిగాను. వకుళమాల నెమ్మదిగా, మాది సముద్రతీరం, అక్కడ ఉప్పు కొండల్లా పోస్తారు, గంపలకి గంపలు చేతులు మారుతుంది, నేలమీద పెట్టేవాళ్లని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు అంది. నిజమే అనిపించింది. గరుడాచలం కోపంగా, అల్లుణ్ణి, అత్తవారి వీధిలో నేల మీద పెట్టినదాన్ని వంగి ఏరుకోమంటారా, నా చేతికివ్వకపోతే అలిగి వెళ్లిపోయేవాణ్ణి అన్నాడు. అదీ నిజమే. చుట్టూ ఉన్న అత్తగార్లంతా తలలూపారు.

ఎడమ మోకాలు వంచి చూపించమన్నాను. వకుళమాల పక్కనడకలో కాలు బెణికిందంది. గరుడాచలం అత్తవారింట్లో తను మోకాలు వంచే ప్రశ్నే లేదన్నాడు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. పొద్దుట్నుంచీ దారంతా నన్ను ఐతన్నా, ఒరేయ్ ఐతన్నా అన్న పిల్ల, తలపాగా బిగించుకుని వచ్చినప్పట్నుంచీ ఐతన్నగారూ అంటోంది. ఎందుకని అడిగితే, జనంలో ఉన్నాం, కాపరి వేషంలో ఉన్నదాన్ని, గారు అనకపోతే అనుమానం రాదుటండీ అంది. అది విన్నాక అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది.

కాయ దగ్గర కూర్చుని ఆలోచిద్దామని అరుగు దగ్గరికొచ్చాను. తుండుగుడ్డ వేసినచోటు వేసినట్టే ఉంది. తుండుగుడ్డ వేసిన చోటుని ఎవరూ ముట్టుకోరు. తుండుగుడ్డ కింద ఉన్నదాని సంగతి వేరు. కాయ లేదు.

పరుగెత్తాను. అరటి దొప్పలు, చామంతులు, భోజనానికి కూర్చోబోతున్న వరసలు, అన్నీ దాటుకుని పేరిందేవమ్మ పెరట్లో పడ్డాను. పెరటి మధ్య చాప. చాప మీద కాయ. పక్కన పెద్దకత్తి. మొక్కు పందెమేగా, పందెమయిపోయింది, మొక్కూ తీరిపోయిందని ఆవిడ లెక్క. నా వెనకే వచ్చిన గరుడాచలాన్ని చూసి, సిగ్గుపడుతూనే అడిగింది.

"అల్లుడుగారూ, మీరేమీ అనుకోకపోతే, మొదటి దెబ్బ ఒక్కటి వేసి పెడతారా? మిగతాది నేను తరుక్కుంటాను."

వడియాలు ఆయనకి చాలా ఇష్టం, అందులోనూ మొదటి వాయి ఆయనకేనట. ఆయన కత్తివైపు నడిచాడు. అత్తవారింట్లో అడగగానే పనికి లేచిన అల్లుణ్ణి నేను ఏ రాజ్యంలోనూ చూడలేదు. వడియాల మీద ఇష్టం ఎంతదూరమైనా తీసుకుపోతుందన్నది కూడా నేను చూసిన సంగతే.

నేను కాయ మీద బోర్లా పడ్డాను. బూడిద ముఖమంతా అంటుకుంది. లోపల గుండె చప్పుడు వినిపిస్తోంది, ఇంతకుముందుకన్నా నెమ్మదిగా.

"అయితే మీరే కొట్టండి నాయనా, దానికింత గొడవెందుకు" అని పేరిందేవమ్మ కత్తి నా చేతికివ్వకుండా నేలమీద పెట్టి, ఒకడుగు వెనక్కి వేసింది. కత్తి కూడా చేతికివ్వరన్నమాట. నేను తీసుకున్నాను.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. కాయ నా ఒళ్లో ఉంది. కత్తి నా చేతిలో ఉంది. నాకు కుడిపక్క గరుడాచలం నిలబడ్డాడు, పిలక ముడి నేను చెయ్యి చాపితే అందుతుంది. ఎడమపక్క వకుళమాల, తలపాగా లోంచి ఒక పాయ కిందికి జారింది, అదీ అందుతుంది. ఆలోచించకండి ఐతన్నగారూ, ఆ పిలక కోసెయ్యండి అని ఆ పిల్ల తొందరపెడుతోంది. అది యువరాజుని మనిషిగా చూడాలన్న ఆత్రమా, కాయ పగలాలన్న ఆత్రమా నాకు తెలియడంలేదు. పిలక కోసి చూడబోతే, ఆయన నిజం అల్లుడే అయితే, ముందు కాయ పగులుతుంది, తర్వాత అత్తగారు నన్ను పగలగొడుతుంది. పాయ కోసి చూడబోతే, ఆ పిల్ల నిజం వకుళమాలే అయితే, రేపు చిత్రధ్వజుడు లేని పెళ్లిపందిట్లో ఆమె ముఖం నేను చూడాలి. మాంత్రికుడి బొడ్డుసంచి వెతుకుదామంటే ఇద్దరి నడుములకీ సంచులున్నాయి, ఇద్దరూ వాటి మీద చేతులు వేసుకునే నిలబడ్డారు. మొసలి నోట్లోంచి లాగినవాడికి, భస్మానికి అడ్డం నిలబడినవాడికి, నేను చెయ్యగలిగింది ఈ ఒక్క కోతే. అది తప్పితే రెండోది లేదు.

తొడిమ మీద ఆవగింజంత పచ్చదనం మిగిలింది. వాకిట్లో ఊరంతా ఆకులు ముందేసుకుని, వడ్డించాల్సిన పేరిందేవమ్మ ఇక్కడే నిలబడిపోయింది కాబట్టి, నేను కొడితేగానీ వడ్డన మొదలవదని కూర్చుంది.

అయ్యా, అమ్మా, ఇంత ఓపిగ్గా విన్నారు. మీ ఇళ్లలోనూ అల్లుళ్లుంటారు, ఉన్నట్టుండి మర్యాదగా మాట్లాడ్డం మొదలెట్టిన మనుషులూ ఉంటారు. వాళ్లలో ఎవరు అసలు, ఎవరు నకిలీ అని మీరెలా తేల్చుకుంటారు? పిలకా, పాయా? ఏ పక్కకి చెయ్యి చాపను? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. తర్వాత చెబుతాం, ముందు భోంచేద్దాం అని మాత్రం అనకండి. ఇక్కడ తొడిమ ఎండిపోతోంది. పప్పు పులిసిపోతోందని ఆవిడ అప్పుడే రెండోసారి అంది.